ఆటు తవ్విన కాలువ

ఓడని మరమ్మతుకి ఏ పోటులో ఒడ్డెక్కించాలో మా ఊళ్ళో పాలు మానిన పిల్లనడిగినా చెబుతుంది. పున్నమికో అమావాస్యకో పోటు రోజురోజుకీ పెరుగుతూ వస్తుంది. అది ఇంకా పెరగాల్సి ఉండగానే ఎక్కించెయ్యాలి. అంతకంటే పెద్ద నీళ్ళు వెనక మిగిలుంటేనే ఓడ మళ్ళీ తేలుతుంది. పోటు శిఖరాన ఉన్నప్పుడు ఎక్కించావా, నీ పని అయిపోయినట్టే. ఆ ఎత్తు నీళ్ళు మళ్ళీ వచ్చేదాకా ఓడ బురదలో కూర్చోవాల్సిందే.

మా అన్న ఉబైద్ నాఖుదా, అంటే ఓడకి సారథి. ఓడ నడపడంలో ఈ ఖెష్మ్ దీవి మొత్తంలో తన ముందు నిలబడేవాడు లేడని అతనే చెబుతాడు, మేమూ పెద్దగా కాదనం. అలాంటి మనిషి నౌరోజ్ పండగ మర్నాడు, ఏడాది మొత్తానికీ పెద్ద పోటు వచ్చిన పూట, సరిగ్గా ఆ పోటు నెత్తి మీద తన చెక్క ఓడ లెంజ్‌ని ఒడ్డెక్కించాడు. పండగకొచ్చిన జనం చూస్తున్నారు కదా, ఇక ఆగుతాడా! ఇంటి అరుగు మీద కూర్చుని టీ తాగుతూ పనివాళ్ళ మీద కేకలేసుకోవచ్చని మడ చెట్ల మొదళ్ళదాకా తోలుకొచ్చాడు.

"మన నాన్నక్కూడా ఇంత పైకి ఎక్కించడం చేతకాలేదే, ఖైరియా!" అన్నాడు నాతో, మీసం దువ్వుకుంటూ.

"చేతకాక కాదు, బుర్ర ఉండి ఎక్కించలేదు" అన్నాను.

"పో పో, నీ చేపల బుట్ట చూసుకో. ఓడల సంగతి నీకెందుకు?"

మా ఇద్దరి మాటలూ చిన్నప్పట్నించీ ఇంతే.

ఓడ అడుగున కుళ్ళిన పలక మార్చారు. ఊళ్ళో ఓడల వడ్రంగి ఘంబర్ మామ చెక్కల సందుల్లో నూనెలో ముంచిన దూది కూరి, అడుగంతా కొవ్వూ సున్నమూ కలిపి పూశాడు. పని బాగా కుదిరింది. తర్వాతి పెద్ద పోటు నాడు ఊరంతా వచ్చి తాళ్ళు కట్టి, పాట ఎత్తుకుని లాగింది. ఓడ తేలాలంటే ఛాతీ లోతు నీళ్ళు కావాలి. వచ్చింది నడుం లోతు. ఓడ ఒక్కసారి మూలిగి మళ్ళీ సర్దుకుని కూర్చుంది. నీళ్ళు తిరుగు ముఖం పట్టాయి. పాట మధ్యలో ఎవడో పకపకా నవ్వాడు. ఆ నవ్వు అందరికీ అంటుకుంది. అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను.

మా అన్న తాడు కింద పడేసి ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే సముద్రం అవతలి బందర్ పట్నం నుంచి ఒక హోటలాయన దిగాడు. కాళ్ళకి మెరిసే చెప్పులు, చేతిలో కొలతల టేపు. ఓడని ఉన్నచోటే కొనేసి, పక్కలకి కిటికీలు కోసి, లోపల బల్లలూ కుర్చీలూ వేసి, సెలవులకొచ్చేవాళ్ళకి టీ, హుక్కా అమ్ముతాడట. "ఇలా ఒడ్డున ఉంటేనే దీనికి అందం అక్కా" అన్నాడు నాతో. నా చేతినిండా బురద ఉంది, ఆయన చొక్కా తెల్లగా ఉంది. నన్ను నేను ఎలా ఆపుకున్నానో దేవుడికే తెలియాలి.

మా అన్న సరేనన్నాడు. పున్నమి వెళ్ళాక వచ్చి తీసుకోమన్నాడు. నేను కాళ్ళు కూడా కడుక్కోకుండా వాళ్ళింటికి పరిగెత్తాను.

"ఏం అన్నా, మన ఓడలో కుర్చీలేయిస్తావా?"

"వేసుకోనీ."

"పక్కలు కోసి కిటికీలు పెడతాడట."

"పెట్టుకోనీ."

గోడకేసి చూస్తూ చెప్పాడు. రెండు నెలల కిందటైతే ఈ మాటలకి టీ గ్లాసు నా తల పక్కనించి ఎగిరిపోయేది. వదిన షమ్సా నన్ను వంటింట్లోకి లాగింది.

"నిన్న చేపల పులుసులో ఉప్పు వెయ్యడం మర్చిపోయానే. మాట్లాడకుండా తినేసి చెయ్యి కడుక్కున్నాడు. నాకు భయమేస్తోంది."

అప్పుడు నాకూ భయమేసింది. మా అన్న ఉప్పులేని పులుసు తిని ఊరుకున్నాడంటే లోపల మనిషి లేనట్టే. పున్నమి పోటు ఒక్కటే మిగిలింది. అది దాటితే వేసవి. పోట్లు చిన్నబోతాయి, ఎండకి పలకలు విచ్చుకుంటాయి, ఇక హోటలాయన రాకపోయినా ఆ ఓడ కట్టెల కిందే లెక్క. ఉన్నమాట చెప్పాలంటే నాకు కావలసింది ఓడ కాదు. మా అన్న నోరు మళ్ళీ తెరుచుకోవాలి. అది ఓడతో పాటే తెరుచుకుంటుంది, దానికి వేరే దారి లేదు.

నీళ్ళని పెంచలేం గనక ఓడ కింది నేలని దింపాలి, అక్కణ్ణుంచి లోతు పాయదాకా దారి చెయ్యాలి. పారలు తీసుకుని దిగాం, నేనూ, ఘంబర్ మామా, మరో నలుగురైదుగురూ. ఆటుకి నీళ్ళు దిగిపోయాక సాయంత్రందాకా తవ్వి గట్టున పోశాం. మర్నాటి పోటు వచ్చి, గట్టున పోసిన బురదనంతా శుభ్రంగా మళ్ళీ గోతిలో పోసి వెళ్ళింది. మళ్ళీ తవ్వాం. మళ్ళీ పూడ్చింది.

"సముద్రానికి జీతం లేని కూలీలం అయ్యాం" అని ఘంబర్ మామ పార భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళూ వెళ్ళిపోయారు. నేను ఒక్కదాన్నే నా ముష్తా వైపు నడిచాను.

నాకున్న ఆస్తి ఆ ముష్తానే. బురద మైదానంలో వరసగా గుంజలు పాతి వలలు కట్టి, రెండు రెక్కల్లా ఒక మూలకి కలుపుతాం. పోటుతో పైకొచ్చిన చేపలు ఆటుతో తిరిగిపోతూ రెక్కల మధ్య పడి, ఆ మూలకి చేరతాయి. నీళ్ళు దిగాక నడుచుకుంటూ వెళ్ళి బుట్టలో ఏరుకోవడమే. మా ఆయన పోయాక నా పొయ్యి దాని మీదే వెలుగుతోంది. మగాళ్ళు మాత్రం అది ఆడాళ్ళ పనంటారు. మా అన్నైతే "పుల్లలాట" అంటాడు.

ఆ రోజు చిరాకులో చూసుకోకుండా నడిచి, మూల గోతిలో నడుందాకా దిగబడ్డాను. మూల ఎప్పుడూ అంతే, ఎన్నిసార్లు పూడ్చినా గొయ్యి పడుతుంది. రెండు రెక్కల మధ్య ఇరుక్కున్న నీళ్ళు ఆ ఇరుకు సందులోంచి ఒక్కసారిగా దూకి బురదని కోసుకుపోతాయి. ఇన్నేళ్ళుగా ఆ గోతిని తిట్టని రోజు లేదు. ఆ రోజు మాత్రం తిట్టబోయి ఆగిపోయాను. పారతో తవ్విన బురద గట్టునే పడి ఉంటుంది, మళ్ళీ జారుతుంది. ఆటు తవ్విన బురద సముద్రంలోకి పోతుంది, తిరిగి రాదు. నాకు కావలసిన కూలీ రోజుకి రెండుసార్లు మా గుమ్మం ముందునించే పోతోంది.

అక్కడే, ఆ గోతిలో నిలబడే, మొదటి గుంజ పీకాను.

వదిన ఏడ్చినంత పని చేసింది. "నీకేమైనా పిచ్చా? ముష్తా పీకేస్తే ఏం తింటావు?"

"మీ ఇంట్లో తింటాను. ఉప్పేసి వండు."

గుంజలు మోసుకొచ్చి ఓడ చుట్టూ పాతాను. వెనక, మడ చెట్ల వైపు, వెడల్పుగా నోరు తెరిచినట్టు రెండు రెక్కలు. ఆ చెట్ల మధ్య పోటు నీళ్ళు బోలెడు నిలుస్తాయి. ఓడ దగ్గరికొచ్చేసరికి సందు ఇరుకు. అక్కణ్ణుంచి పాయదాకా రెండు వరసలు. వల కడితే నీళ్ళు కన్నాల్లోంచి జారిపోతాయి గనక ఖర్జూరపాకు చాపలు కట్టాను. మా ఇంటివి చాలక వదిన వాళ్ళ అరుగు మీది చాప కూడా లాక్కొచ్చాను. మా అన్న దాని మీంచి లేచి పక్కకి జరిగాడు గానీ ఎందుకని అడగలేదు. అందుకు నాకు మండింది.

దారి ఎటు వెయ్యాలో పీతలు చెప్పాయి. పీతలు బొరియలు తవ్వుకున్న చోట బురద గుల్లగా ఉంటుంది, ముందు అక్కడే కోసుకుపోతుంది. మడవేళ్ళున్న చోట పార కూడా దిగదు. అందుకని పీతల వెంబడే వరస వేసుకుంటూ పోయాను. పాయ దగ్గర అది కాస్త వంకర తిరిగింది.

మొదటి రెండు రోజులూ పోటు చిన్నది, నీళ్ళు సోమరిగా వచ్చి సోమరిగా పోయాయి. అరుగుల మీద జనం బాగా నవ్వుకున్నారు.

"ఏం ఖైరియా, ఓడని కూడా ముష్తాలో పట్టేశావా? బుట్టలో ఎలా పెడతావు?" అన్నాడు ఘంబర్ మామ.

"నిన్ను పట్టాక ఖాళీ ఉంటే పెడతాలే" అన్నాను.

మూడోనాటికి నీళ్ళకి బలం వచ్చింది. ఆటు మొదలవగానే మడ చెట్ల మధ్య నుంచి గోధుమరంగు నీళ్ళు చాపల మధ్యకి వచ్చి, ఓడ రెండు పక్కలా చప్పుడు చేస్తూ దూకాయి. నేను పారతో ముందు ముందు బురద కదుపుతూ పోయాను. కదిపిందల్లా క్షణంలో మాయం. బొరియలు కోల్పోయిన పీతలు అడ్డదిడ్డంగా పరిగెడుతుంటే, బురద మీద గెంతే చేపలు గుంజలెక్కి కూర్చున్నాయి. కొంగలు రెండు వరసల పొడుగునా పెళ్ళి భోజనానికొచ్చినట్టు నిలబడ్డాయి. నీళ్ళు దిగేసరికి ఓడ ముందు మోకాల్లోతు కాలువ. నేను పెట్టిన కేకకి కొంగలన్నీ లేచిపోయాయి.

ఆ సంతోషం మర్నాటికి లేదు. సందు ఒక పక్క మరీ ఇరుకు చేశాను కాబోలు, ఆటు ఓడ కుడి పక్క అడుగునే ఎక్కువ తినేసింది. సాయంత్రం వెళ్ళి చూస్తే లెంజ్ పక్కకి ఒరిగి ఉంది. ఊత దుంగ ఒకటి ఫట్‌మని విరిగింది. ఘంబర్ మామ ఊరికి ఆ చివరనుంచి పరిగెత్తుకొచ్చాడు.

"చంపావు కదే! ఓడని బోర్లా వేస్తావా? ఇంకో ఆటుకి పూర్తిగా పడిపోతుంది!"

తప్పు నాదే. పైగా ఆ పక్క పడిన గుంటలో, మిగిలిపోయిన నీళ్ళలో, పెద్ద టేకు చేప ఒకటి తోక ఝాడిస్తూ పడుకుంది. దాని తోకలోని విషపు ముల్లు గుచ్చుకుంటే నెలరోజులు కాలు కింద పెట్టలేం. ఊత పెట్టాలంటే ఆ గుంటలోనే దిగాలి. ఎవరూ దిగరు.

బుట్ట బోర్లించి దాని మీద వేసి, కింద చాప దూర్చి, ఘంబర్ మామా నేనూ చెరో అంచూ పట్టుకుని పాయలో వదిలొచ్చాం. దారి పొడుగునా ఆయన నన్నూ, మా వంశాన్నీ, టేకు చేప వంశాన్నీ తిడుతూనే ఉన్నాడు. కానీ అంచు వదల్లేదు. తిరిగొచ్చి కొత్త ఊతలు పెట్టాం. కుడి రెక్క వెనక్కి జరిపి ఎడమ రెక్క దగ్గరికి తెచ్చాను.

"ఇది సరిపోకపోతే?" అన్నాడు ఆయన.

"సరిపోకపోతే రేపు మళ్ళీ జరుపుతా."

"అదీ సరిపోకపోతే?"

"మామా, నీకు వెళ్ళాలనుంటే వెళ్ళు. నేను మాత్రం ఈ ఓడలో ఎవణ్ణీ టీ తాగనివ్వను."

ఆయన వెళ్ళలేదు. ఆ రాత్రి ఆటు ఎడమ పక్కని తిన్నది. తెల్లారేసరికి లెంజ్ నిటారుగా, ఇంకా కిందకి దిగి కూర్చుంది. అప్పట్నించీ అరుగుల మీది నవ్వులు తగ్గి, ఒక్కొక్కరే పారలతో రావడం మొదలైంది. మా అన్న మాత్రం రాలేదు. తలుపు సందులోంచి చూస్తున్నాడని వదిన చెప్పింది.

పున్నమి నాడు పొద్దున్నే లంగరు చిన్న పడవలో తీసుకెళ్ళి పాయ నడిమధ్య వేశారు. దానికి కట్టిన తాడు ఓడ మీంచి లాగితే ఓడ ముందుకి కదలాలి. కాలువలో ఇంజను తిప్పితే బురదని చిలుకుతుంది గనక అంతా చేతుల బలమే. వెనక తాడు ఒకటి మడ మొద్దుకి చుట్టి నా చేతికిచ్చారు, ఓడ విసురుగా పోకుండా కొంచెం కొంచెం వదలడానికి.

అన్నీ సిద్ధం. నాఖుదా లేడు.

నేను ఇంటికెళ్ళి తలుపు తోశాను. "అన్నా, చుక్కాని ఎవరు పడతారు?"

"ఘంబర్ పడతాడు."

"ఘంబర్ మామ పడితే ఓడ మసీదులోకి వెళ్తుంది. నా గుంజలన్నీ పీకి అక్కడ పాతాను. నా తిండి అక్కడ పెట్టాను. నువ్వు రాకపోతే ఈ గుమ్మంలోంచి కదలను. పోటు నీకోసం ఆగదు."

మా అన్న నా కాళ్ళు చూశాడు, మోకాళ్ళ పైదాకా కోసుకుపోయి ఉన్నాయి. లేచి, తలపాగా చుట్టుకుని, ఓడ వైపు నడిచాడు.

నీళ్ళు వచ్చాయి. నడుం దాటాయి, ఛాతీకి వచ్చాయి. లెంజ్ అడుగులో ఎక్కడో బుడగలు లేచాయి. ఒక్కసారి వణికి, కుదుపుతో ఓడ పైకి లేచింది. ఎవరూ అరవలేదు, పాట కూడా ఎత్తుకోలేదు. పోటు ఆగిన ఆ కొద్దిసేపట్లోనే లాగాలి. లాగారు. ఓడ కాలువలోకి దిగింది. నేను తాడు వదులుతూ వచ్చాను. ఇంతలో ఆటు మొదలైంది, నీళ్ళు వెనకనుంచి తోశాయి, ఓడ నాకంటే తొందరగా నడిచింది.

అప్పుడు దక్షిణపు గాలి లేచింది.

కాలువ వంకర తిరిగే చోట ఓడ తిరగలేదు. ముక్కు నేరుగా నా కుడి వరస గుంజల వైపు పోతోంది. గుంజల అవతల నేల పాయలోకి వాలుతుంది, అక్కడ నీళ్ళకి కొదవలేదు. నేరుగా పోతే చాలు. కానీ మా అన్న చుక్కాని మీద పడి, ఒళ్ళంతా వేసి ఎడమకి తిప్పుతున్నాడు. పక్కనున్నవాళ్ళచేత గెడలు వేయించి తోయిస్తున్నాడు. ఓడ వేగం తగ్గింది. ఆటు కిందనుంచి జారిపోతోంది. ఇంకాస్త ఆగితే అడుగు తగిలి, వంకరలో అడ్డంగా కూర్చుంటుంది. ఇక అక్కణ్ణుంచి ఏ పున్నమీ లేపలేదు.

ఎందుకు తిప్పుతున్నాడో నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. నా గుంజలు విరగకూడదని తిప్పుతున్నాడు. పుల్లలాట అని నవ్విన మనిషి.

నాకు దుఃఖం, కోపం ఒక్కసారే వచ్చాయి. "తొక్కెయ్యి!" అని అరిచాను. "ఒరేయ్ అన్నా! గుంజల మీంచి పో! తొక్కెయ్యరా!"

వినపడనట్టే ఇంకా తిప్పుతున్నాడు.

"నీ కళ్ళు పోయాయా? నాఖుదావా, గాడిదలు తోలేవాడివా? పుల్లలే కదా! తొక్కించు!"

చుక్కాని వదిలేశాడు. గాలి తోసింది, ఆటు లాగింది. లెంజ్ ముక్కు నా వరసని తాకింది. మొదటి గుంజ విరిగిన చప్పుడు నా ఎముక విరిగినట్టు వినిపించింది. తర్వాత వరసగా ఫట్ ఫట్ ఫట్. చాపలు అడుగునపడి నలిగాయి. ఒక్కసారి ఓడ అడుగు నేలకి రాసుకుంది, గీరుకుంది, కదిలింది. పాయలోకి జారి, లోతు నీళ్ళమీద ఊగుతూ నిలబడింది.

నా చుట్టూ నీళ్ళు దిగిపోతున్నాయి. ఛాతీ నుంచి నడుముకి, నడుం నుంచి తొడలకి. విరిగిన గుంజలు ఒక్కొక్కటీ తేలుతూ పాయ వెంబడి సముద్రంలోకి పోతున్నాయి. కొంగలు అప్పుడే దిగి కొత్త గుంటల్లో వెతుక్కుంటున్నాయి. నేను ఏడుస్తున్నాను, ఊరంతా చూస్తోందని తెలిసి కూడా ఏడుస్తున్నాను.

ఓడ వెనక భాగాన మా అన్న కనిపించాడు. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"ఎన్ని విరిగాయే?"

"కళ్ళు లేవా? ఒక పక్కంతా పోయింది!"

"పోతే పోయాయి! కొత్తవి నేను కొట్టుకొస్తా, నేనే పాతుతా! గుంజలు పాతడం నీకెప్పుడొచ్చింది గనక? తాగినవాడు పాతినట్టు వంకర టింకరగా! ఆ వంకరలో ఓడ ఎవడు తిప్పుతాడే, మొద్దుమొహమా!" కొండలకి తగిలి వెనక్కి వస్తోంది ఆ గొంతు. ఒడ్డున వదిన షమ్సా రెండు చేతులతో నోరు మూసుకుంది. "అలా గుడ్లప్పగించి నిలబడ్డావేం? ఆ వెనక తాడు వదులు! ఆటు పోతోంది, నన్ను ఇక్కడే కట్టేస్తావా? చెవుడా? ఖైరియా! తాడు వదలవే!"

తాడు నా చేతిలోనే ఉంది. మొద్దు చుట్టూ ఒక్క చుట్టు విప్పితే చాలు. నేను విప్పలేదు. ఇంకోసారి అరవనీ అని అలాగే నిలబడ్డాను.